ఏడొందల క్రిస్టల్ కిట్టు, నలభై రూపాయల పటిక: రెండూ వాడి చూశాక

ఐదు నక్షత్రాలకి రెండున్నర ఇస్తాను. ఆ అర కూడా పెట్టెలో వచ్చిన భూతద్దానికి.

"ఇంట్లోనే రంగురంగుల స్ఫటికాలు పెంచండి" అని పెట్టె మీద మెరిసే బొమ్మలేసి ఆన్‌లైన్లో అమ్ముతున్నారే, ఆ పిల్లల సైన్స్ కిట్టు గురించి చెబుతున్నాను. ఏడొందలకి ఒక్క రూపాయి తక్కువ. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చూసినంతలో ఇలాంటివి చాలా పేర్లతో ఉన్నాయి, పెట్టె రంగు మారుతుంది తప్ప లోపల సరుకులో పెద్ద తేడా ఉండదు. నాలుగో తరగతి చదివే మా మనవరాలు వేసవి సెలవులకి బెంగళూరు నుంచి వస్తూ, "తాతయ్యా, నువ్వు కెమిస్ట్రీ కదా, నాకు క్రిస్టల్స్ కావాలి" అని ముందే ఫోన్లో ఆర్డరేసింది. నేను కెమిస్ట్రీ అంటే పాఠాలు చెప్పినవాణ్ణి కాదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రాక్టికల్స్‌లో డబుల్ సాల్ట్ (రెండు లవణాలు కలిసి ఒకే స్ఫటికంగా దిగేది, పటికలాంటిది) తయారీ ఉన్న రోజున బీకర్లు కడగడం, లవణాలు తూచి పెట్టడం, స్ఫటికాలు రాక బిక్కమొహం వేసిన పిల్లాడికి లెక్చరర్ గారు చూడకుండా గాజుకడ్డీతో బీకరు లోపలి గోడ కాస్త గీకమని చెప్పడం నా ఉద్యోగం. అందుకని ఈ పెట్టెని కొంచెం ఎక్కువ శ్రద్ధగానే చూశాను.

ముందు పెట్టెలో ఏమున్నాయో చెబుతాను. తెల్లటిది, ఎర్రటిది, నీలంది, ఆకుపచ్చది... పొడి పొట్లాలు. అన్నీ కలిపి మా వంటింటి కాటాలో వేస్తే పావుకిలో తూగాయి. తెల్ల గులకరాళ్లు ఒక సంచి. ప్లాస్టిక్ గిన్నెలు, కలపడానికి పుల్ల, గీతలున్న చిన్న కప్పు, భూతద్దం, ఇంగ్లీషులో ఒక కాగితం. పొట్లాల మీద "క్రిస్టల్ పౌడర్" అని మాత్రమే రాశారు. అసలు అదేమిటో చెప్పేది కాగితం వెనకవైపు జాగ్రత్తల కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: మోనో అమ్మోనియం ఫాస్ఫేట్.

రైతు కుటుంబాల వాళ్లకి ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. ఎరువుల కొట్లో 12-61-0 అని అడిగితే ఇచ్చేది ఇదే. నత్రజని 12 శాతం, ఎరువుల లెక్కలో (ఫాస్ఫరస్ పెంటాక్సైడుగా) భాస్వరం 61 శాతం, నీళ్లలో పూర్తిగా కరుగుతుంది, డ్రిప్పులో వదులుతారు, ఆకుల మీద పిచికారీ చేస్తారు. మా పక్కవీధి ఎరువుల కొట్లో అడిగితే కిలో రెండొందల చిల్లర చెప్పారు. పావుకిలోకి యాభై అరవై అయితే మిగతాదంతా పెట్టెకి, బొమ్మకి, భూతద్దానికి అన్నమాట. వ్యాపారం, తప్పు పట్టను. కానీ పిల్లకి "ఇది మన పొలంలో వేసేదేనమ్మా" అని చెప్పే వీలు లేకుండా పేరు దాచడం నాకు నచ్చలేదు. సైన్స్ కిట్టులో సైన్సు ఉండేది ఆ పేరులోనే కదా.

సరే, పనిచేస్తుందా? చేస్తుంది. వేడినీళ్లలో పొడి కలిపి, గులకరాళ్ల మీద పోసి వదిలేస్తే రాళ్ల మీద పొదల్లాగా సూదులు లేస్తాయి. ఈ లవణం చురుకైనది, అందుకే ఇలాంటి కిట్లలో పెడతారు. పిల్లలకి ఓపిక తక్కువ, మర్నాటికి ఏదో ఒకటి కనిపించాలి. మా పిల్ల మొదటి గిన్నె చూసి గెంతింది, వీడియో తీసి వాళ్ల నాన్నకి పంపింది. ఆ ఆనందానికి రెండు నక్షత్రాలు ఇచ్చాను.

మిగిలిన నక్షత్రాలు పోయింది ఆ కాగితం దగ్గర. "గది ఉష్ణోగ్రతలో, అనగా 20 నుంచి 25 డిగ్రీల వద్ద, కదపకుండా ఉంచండి" అని ఉంది. మే నెల విజయవాడలో ఇరవై డిగ్రీల గది ఎక్కడుందో ఆ రాసినాయన వచ్చి చూపించాలి. మా హాల్లో మధ్యాహ్నం గోడ థర్మామీటరు 37 చూపిస్తుంది. ఇది మామూలు అసౌకర్యం కాదు, మొత్తం వ్యవహారం దీని మీదే నడుస్తుంది. నీళ్లు వేడిగా ఉన్నప్పుడు ఈ పొడిని ఎక్కువ పట్టుకుంటాయి, చల్లబడితే పట్టుకోలేక వదిలేస్తాయి, ఆ వదిలేసిందే స్ఫటికం. కాగితంలో చెప్పిన నీళ్ల కొలత ఇరవై అయిదు డిగ్రీల గదికి లెక్క వేసింది. మన గది ముప్పై ఏడులో ఉంటే ఆ నీళ్లకి ఇంకా ఆకలి తీరలేదన్నమాట, పొడి అంతా కడుపులో దాచుకుని కూర్చుంటాయి. రెండో గిన్నెకి అదే జరిగింది. పొద్దున్న చూస్తే రంగు నీళ్లు, సాయంత్రం చూస్తే రంగు నీళ్లు. "తాతయ్యా, ఇది చచ్చిపోయిందా?" అని పిల్ల టెన్షన్. గిన్నె తీసుకెళ్లి రాత్రి ఏసీ వేసే గదిలో పెట్టింది. తెల్లారేసరికి అంతా ఒకేసారి దిగిపోయి, అడుగున రంగు ముద్ద కట్టింది. దాన్ని భూతద్దంతో చూస్తే సూది లేదు, ముఖం లేదు, పళ్లపొడిలా ఉంది.

రివ్యూల్లో "ఫేక్ ప్రోడక్ట్, క్రిస్టల్ రాలేదు" అని ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల బాధ ఇదే అయ్యుంటుందని నా అనుమానం. సరుకు ఫేక్ కాదు. వేసవిలో కొన్నవాళ్లు నీళ్ల కొలతలో నాలుగోవంతు తగ్గించి చూడండి. జనవరిలో కొన్నవాళ్లకి కాగితంలో ఉన్నట్టే జరుగుతుంది.

రంగుల సంగతి కూడా చెప్పాలి. పెట్టె మీద బొమ్మలో కెంపు, నీలం, పచ్చ. నిజానికి స్ఫటికానికి రంగంటే గిట్టదు. అది పెరిగేటప్పుడు తన జాతి కణాన్నే వరసలో నిలబెట్టుకుంటుంది, పరాయిదాన్ని చాలావరకు బయటికి నెట్టేస్తుంది. ల్యాబుల్లో మురికి పదార్థాన్ని శుభ్రం చెయ్యడానికి మళ్లీ మళ్లీ స్ఫటికీకరణ చేసేది ఈ గుణం వల్లే. సూదుల మధ్య ఇరుక్కున్న రంగు నీళ్లే మనకి రంగు స్ఫటికంలా కనిపిస్తాయి. ఒక సూది విరిచి కడిగి చూస్తే నీరుగారిన రంగు, అంతే. వేళ్లకి, స్టీలు సింకుకి మాత్రం బాగా అంటింది. మా ఆవిడ ఆ సింకు చూసి నాతో ఒక పూట మాట్లాడలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం పటిక.

కిట్టు మీద నమ్మకం పోయాక పిల్లని వెంటబెట్టుకుని వన్‌టౌన్ వెళ్లాను. మూలికలు, పూజా సామాను అమ్మే పాత కొట్టు. "పావుకిలో పటిక" అంటే కొట్టాయన "గుమ్మానికి కట్టడానికా, నీళ్లలోకా మాస్టారూ?" అన్నాడు. మంచి ప్రశ్న. దిష్టికి నల్లదారంతో కట్టేది పెద్ద గడ్డ, చూడ్డానికి బాగుండాలి. నాకు కావలసింది లోపల మట్టి చారలు లేని, అద్దంలాంటి ముక్కలు. గల్లా పక్కన డబ్బాలోంచి ఏరుకోమన్నాడు. నలభై రూపాయలు.

పటిక కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకుల దగ్గర వాడే బూడిదరంగు పలకల్ని కూడా ఆలం అనే అంటారు. అది ఉత్త అల్యూమినియం సల్ఫేటు. దాంతో నీళ్లు తేరుకుంటాయి గానీ ఎనిమిది ముఖాల స్ఫటికం రాదు. గోదావరి వరద నీళ్లలో పూర్వం చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దేది కూడా ఈ పటికే. అలాంటి గాజు గడ్డే అడగాలి. అందులో మళ్లీ రెండు రకాలున్నాయి, పొటాషియంది, అమ్మోనియంది. కాస్త పొడిచేసి తాంబూలంలో వేసుకునే తడి సున్నంతో నలిపితే ఘాటుగా వాసన కొడితే అది అమ్మోనియం పటిక. హెయిర్ డై కలిపేటప్పుడు ముక్కుకి తగిలే వాసనే. రెండూ ఒకేలాంటి స్ఫటికాలిస్తాయి కాబట్టి ఏదైనా పర్వాలేదు, పిల్లలకి ఆ పరీక్ష సరదాగా ఉంటుందని చెప్పాను. సున్నం మాత్రం మీరే పట్టుకోండి, కళ్లలో పడితే ప్రమాదం.

ఇంటికొచ్చాక గడ్డని గుడ్డలో చుట్టి బండరాయితో నలగ్గొట్టాలి. మిక్సీలో వెయ్యొద్దు, ఆ జారు తర్వాత చట్నీకి కావాలి. గిన్నె స్టీలుదో, గాజుదో అయ్యుండాలి. పటిక నీళ్లకి పులుపు గుణం ఉంది, అల్యూమినియం గిన్నెని తింటుంది. లెక్క ఇలా ఉంటుంది: వంద మిల్లీలీటర్ల నీళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 11 గ్రాముల పటిక కరుగుతుంది, 40 దగ్గర 24 గ్రాముల దాకా, 60 దగ్గర యాభై పైమాటే. అంటే చలికాలం గదికి, వేసవి గదికి మధ్యనే సరుకు రెట్టింపు తేడా. అందుకే నేను గ్రాముల లెక్క నమ్ముకోను. చెయ్యి పట్టగలిగే వేడి నీళ్లలో కరిగినంత కలిపి, మూత పెట్టి ఒక రాత్రి వదిలేస్తాను. మీ గది ఎంత వేడిగా ఉంటే అంతకి సరిపడా తనలో ఉంచుకుని, ఎక్కువైంది అడుగున దించేస్తుంది. పైన తేటని పాత పంచె గుడ్డలో నాలుగు మడతలేసి వడకడితే, అది సరిగ్గా మీ గదికి కుట్టిన ద్రావణం. దీనికి థర్మామీటరూ అక్కర్లేదు, కాగితమూ అక్కర్లేదు.

అడుగున దిగినవాటిలోంచే విత్తనం దొరుకుతుంది. భూతద్దం ఇక్కడ పనికొచ్చింది. పిల్ల పళ్లెంలో బోర్లా పడుకున్నంత పని చేసి, కందిబద్దంత ఉన్న ఒక్కదాన్ని ఏరింది. ముఖాలు నున్నగా, అతుకులు లేకుండా ఉండాలి. రెండు మూడు అతుక్కున్నది తీసుకుంటే చివరికి అదే వంకరతో పెద్దదవుతుంది. కట్టడానికి నూలుదారం వద్దు, దాని నూగు మీద పిల్ల స్ఫటికాలు పుట్టుకొస్తాయి. టైలరు దగ్గర సన్నటి నైలాన్ దారం గానీ, గాలం దారం గానీ తీసుకోండి. మేం మా ఆవిడ జడలోంచి రాలిన పొడుగాటి వెంట్రుక వాడాం. ఇన్ని కష్టాల మధ్య ఆవిడ నవ్వింది ఆ ఒక్కసారే.

విత్తనాన్ని వడకట్టిన తేటలో మధ్యకి వేలాడదీసి, చీపురుపుల్ల అడ్డంగా పెట్టి, సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టాం. అడుక్కి తగిలితే ఆ వైపు పెరగదు, సగం చెక్కేసినట్టు బల్లపరుపుగా వస్తుంది. నీళ్ల మధ్యలో వేలాడితేనే ఎనిమిది వైపులా పూర్తిగా పెరుగుతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. ఇది కిట్టు కాగితంలో లేదు, ల్యాబ్‌లో నేను చూసి నేర్చుకున్నది. చీకటి గదిలో సీసా వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి, విత్తనం చుట్టూ ఉన్న నీళ్లని కళ్లార్పకుండా చూడండి. దోసె పెనం మీద గాలి కదిలినట్టు సన్నటి అలల తీగ ఒకటి కనబడుతుంది. ఆ తీగ స్ఫటికం మీదుగా పైకి లేస్తుంటే అది పెరుగుతోంది. చుట్టూ ఉన్న నీళ్లలోంచి పటికని తను లాక్కుంటే ఆ నీళ్లు తేలికై పైకి పోతాయి. తీగ కిందికి జారుతుంటే అది కరిగిపోతోంది, బరువెక్కిన నీళ్లు అడుక్కి దిగుతున్నాయన్నమాట. వెంటనే విత్తనం తీసెయ్యండి, లేకపోతే నిమిషాల్లో కుంచించుకుపోతుంది. ద్రావణంలో ఇంకాస్త పటిక కలిపి ఒక రాత్రి ఆగాలి. మా పిల్ల ఈ తీగ చూడ్డానికి రోజూ లైట్లన్నీ ఆర్పించేది. ఆఖర్న చేతికొచ్చిన స్ఫటికం కంటే నాకు అదే ఎక్కువ ఇష్టంగా అనిపించింది.

విజయవాడ వేసవిలో దీని శత్రువు ఎండ కాదు, ఎండకీ ఏసీకీ మధ్య ఊగడం. మధ్యాహ్నం వేడికి కాస్త కరిగి, రాత్రి చల్లకి తొందరపడి పెరుగుతుంది. తొందరగా పెరిగినప్పుడు లోపల నీళ్లు ఇరుక్కుని స్ఫటికం పాలలా తెల్లబడుతుంది. అందుకని సీసాని కూలర్ల గాలి తగలని చోట, బట్టల బీరువా అడుగు అరలో, మందులొచ్చిన థర్మాకోల్ డబ్బాలో పెట్టాం. లోపల ఎంత వేడి ఉన్నా పర్వాలేదు, మారకుండా ఉంటే చాలు. మెక్సికోలో నైకా అనే గని ఉంది. అక్కడ భూమికి మూడొందల మీటర్ల లోతున 2000 సంవత్సరంలో ఒక గుహ బయటపడింది. అందులో జిప్సం స్ఫటికాలు పదకొండు మీటర్ల పొడుగున దూలాల్లా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఆ గుహలో వేడి 58 డిగ్రీల దగ్గర, మనిషి నిలబడలేని వేడి. కానీ అది లక్షల ఏళ్లపాటు దాదాపు మారకుండా ఉండడం వల్లే అంతంత పెరిగాయి. మనం వేరుశనగ చేలో చల్లే జిప్సమే సుమండీ అది. పిల్లకి ఫోన్లో ఆ ఫొటోలు చూపిస్తే మా బీరువా తలుపు తియ్యడం మానేసింది.

వారం దాటి, పది రోజులకి దగ్గర పడేసరికి విత్తనం రేగుపండంతయింది. రోజు విడిచి రోజు తేటని వడకట్టి, సీసా కడిగి, మళ్లీ వేలాడదీశాం. ఎనిమిది త్రికోణాలు, అంచులు బ్లేడుతో కోసినట్టు. ఎవరూ చెక్కలేదు. లోపల అణువులు ఏ వరసలో నిలబడ్డాయో అదే వరస బయటికి కనపడుతోంది. మా విజయవాడకి దగ్గర్లోనే ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు, సి.వి. రామన్ దగ్గర పనిచేసిన ఆయన, స్ఫటికాల్లో ఈ సౌష్ఠవాన్ని లెక్కలకి ఎక్కించినవాళ్లలో ఒకరు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరుగా ఉండేవారు. కిట్టు కాగితంలో విదేశీ శాస్త్రవేత్త బొమ్మ ఒకటేశారు గానీ పేరైనా రాయలేదు. నేనైతే పిల్లకి భగవంతం గారి పేరు చెప్పాను.

తయారైన స్ఫటికాన్ని నీళ్లతో కడగొద్దు, టిష్యూతో అద్దండి. బయట వదిలేస్తే కొన్నాళ్లకి పైన తెల్లటి పొడి లేస్తుంది, దాని లోపలి నీళ్లు ఆరిపోవడం వల్ల. రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేస్తే నిలబడుతుంది. ఇంకో మాట, ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. చూడ్డానికి అచ్చం పటికబెల్లం ముక్కే. నోట్లో వేసుకుంటే వగరుకి ఉమ్మేస్తారనుకోండి, అయినా ఎందుకొచ్చిన గొడవ.

ఉప్పు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరూ ముందు దాంతోనే మొదలుపెట్టి విసిగిపోతారు. ఉప్పుకి వేడీ చల్లా పట్టదు. 20 డిగ్రీల దగ్గర వంద మిల్లీలీటర్లలో 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలోనూ 39 మాత్రమే. కాబట్టి మరిగించి చల్లార్చితే ఏమీ రాదు. నీళ్లు ఆవిరైపోవాలి, చినగంజాం ఉప్పు మడుల్లో, నౌపడ కొఠార్లలో చేసేది అదే. ప్యాకెట్ ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా కలిపిన పొడి వల్ల నీళ్లు మసకబారతాయి, ఘనాలు సరిగ్గా రావు. ఊరగాయకి తెచ్చుకునే కల్లుప్పు కరిగించి, వడకట్టి, వెడల్పాటి పళ్లెంలో పోసి ఎండ తగలని చోట పెట్టండి. చిన్న చిన్న పాచికల్లాంటివి వస్తాయి. తొందరగా ఎండితే మెట్లు మెట్లుగా లోపలికి గుంటపడ్డ పిరమిడ్లు వస్తాయి, భూతద్దంలో చాలా బాగుంటాయి. వేసవి ఒక్కటే ఈ పనికి అనువు, ఆగస్టు తేమలో మొదలుపెడితే దసరా దాకా పళ్లెం అలాగే ఉంటుంది.

పంచదార మాత్రం వంటింటి వాళ్ల సబ్జెక్టు, ఇందులో మా ఆవిడే హెచ్చెమ్. ఒక కప్పు నీళ్లకి మూడు కప్పుల పంచదార. అది కరగడానికి మరగాలి. చల్లారాక తడిపి పంచదారలో దొర్లించి ఎండబెట్టిన నూలుదారం వేలాడదీయాలి. ఇక్కడ నూలుదారమే కావాలి, పటికలో వద్దన్న నూగు ఇక్కడ పనికొస్తుంది. "నిమ్మరసం పిండకండి" అంది ఆవిడ. గులాబ్‌జామ్ పాకంలో నిమ్మచుక్క వేసేది పాకం గడ్డకట్టకుండా ఉండడానికే కదా. పులుపు పంచదారని రెండుగా విడగొడుతుంది, ఆ ముక్కలు మధ్యలో అడ్డొచ్చి స్ఫటికాన్ని వరస కట్టనివ్వవు. మనకి ఇక్కడ కావలసింది దానికి వ్యతిరేకం. నెయ్యి కాచాక గిన్నెని నిదానంగా చల్లారనిస్తే పూసకడుతుంది, ఫ్రిజ్జులో పెడితే గట్టి ముద్దవుతుంది, ఇదీ అదే అని ఆవిడ పిల్లకి చెప్పిన ముక్క నాకు తట్టనేలేదు.

ఈ పని వారం రోజుల పైన పడుతుంది. సీసా కింద నీళ్ల పళ్లెం తప్పనిసరి, లేకపోతే స్ఫటికానికి ముందు చీమలు తయారవుతాయి. పైన పెచ్చు కడితే నెమ్మదిగా పగలగొట్టి తీసెయ్యాలి. చివర్లో వచ్చేది దారం కట్టిన కలకండ. పూజా సామాను కొట్లో దారంతో దొరికే కలకండ ఇలాగే చేస్తారు. తినగలిగే ప్రయోగం కాబట్టి, వేడి పాకం పోసే పని పెద్దవాళ్లు చేస్తే, అయిదేళ్ల పిల్లలున్న ఇంట్లో నేను ముందు దీన్నే చెబుతాను.

నీలం రంగు స్ఫటికం కావాలని పిల్ల చాలా గొడవ చేసింది. నీలమంటే మైలుతుత్తం, కాపర్ సల్ఫేటు. ఆకుతెగుళ్లకి సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేస్తారు కాబట్టి ఎరువుల కొట్లో దొరుకుతుంది, స్ఫటికం నిజంగానే కళ్లు చెదిరే నీలం. కానీ అది విషం. వంటగిన్నెలు ముట్టకూడదు, నీళ్లు తూములో పోయకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. వంటింటి ప్రయోగం అంటూ వీడియోల్లో దీన్ని స్టీలు గ్లాసులో కలుపుతున్నవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ల్యాబ్‌లో గ్లౌజులతో చేసేది ల్యాబ్‌లోనే చెయ్యాలి. బదులుగా మెడికల్ షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేటు, వేడినీళ్లలో చిక్కగా కరిగించి ఫ్రిజ్జులో పెట్టి రాత్రికి రాత్రే సూదులు చూపించాను. కిట్టు చూపించిన తమాషా అంతా అందులో ఉంది, ఖర్చు వంద లోపు. కాళ్ల నొప్పులకి వేడినీళ్లలో వేసుకోవడానికి తెచ్చిన డబ్బా కాబట్టి నిజానికి ఖర్చే లేదు.

కాబట్టి ఎవరికి ఏది అంటే: పుట్టినరోజుకి ఇవ్వడానికి రంగు కాగితం చుట్టగలిగే పెట్టె కావాలంటే, అదీ చలికాలంలో అయితే, కిట్టు కొనండి. అంతకంటే ముందు పొడి పేరు పెట్టె మీద రాశారో లేదో చూడండి, రాయనిదాన్ని కొనకండి. పిల్లతో కలిసి కూర్చునే తీరిక మీకుంటే పటిక కొనండి. తీరిక లేకపోతే పటిక జోలికి పోవద్దు, వడకట్టేవాళ్లు లేక సీసా అటకెక్కుతుంది. పటికకి నాలుగున్నర నక్షత్రాలు. అర తగ్గించింది బండరాయితో కొట్టేటప్పుడు ముక్కలు ఎగిరిపడతాయి కాబట్టి, కళ్లజోడు పెట్టుకోండి.

కిట్టు ఆల్రెడీ కొనేసి, ముద్దకట్టిన గిన్నె ముందు పెట్టుకుని ఇది చదువుతున్నవాళ్లు ఆ ముద్దని పారెయ్యకండి. కొంచెం వేడినీళ్లతో మళ్లీ కరిగించి, గులకరాళ్లు తీసేసి, పైన పటికకి చెప్పినట్టే ఒక రాత్రి తేర్చి, వడకట్టి, నైలాన్ దారానికి ఒక్క సూది కట్టి వేలాడదీయండి. రాళ్ల మీద పొదలా కాకుండా ఒంటి స్ఫటికంగా వస్తుంది, పెట్టె మీద బొమ్మకి కాస్త దగ్గరగానే ఉంటుంది. ఆఖర్న మిగిలిన తెల్ల పొట్లం నీళ్లని బకెట్ నీళ్లలో బాగా పల్చన చేసి మందార మొక్కకి పోసుకోవచ్చు, అది ఎరువే కదా. రంగు పొట్లాల నీళ్లు మాత్రం మేం మొక్కలకి పోయలేదు.

కంపెనీవాళ్లకి కాగితంలో వేసవి కొలత కలపమని మెసేజ్ పెట్టాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు" అని జవాబొచ్చింది.